కంది పురుగుని తట్టుకునే గుణం ఏ విత్తనంలో ఉంది? మన చేలోనే దాన్ని పట్టుకోవడం ఎలా?



కార్తీకం దాటి మార్గశిరం వచ్చిందంటే పొదిలి, దర్శి, కొనకనమిట్ల, మర్రిపూడి వైపు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, కంది పూత మీద పురుగు పడింది. నీమాస్త్రం కొట్టాను, అగ్నిఅస్త్రం కూడా కొట్టాను. ఇంకేం కొట్టమంటావు?"

కషాయాల గురించి ఇదివరకే చాలా వీడియోల్లో చెప్పుకున్నాం. ఈసారి దానికంటే ముందు అడుగు గురించి చెప్తాను. కషాయం అనేది పురుగు వచ్చాక మనం చేసే పని. పురుగు రాకముందే, వచ్చినా పెద్దగా ఎదగకుండా, చెట్టే తనని తాను కాపాడుకునే శక్తి ఒకటి ఉంటుంది. అది విత్తనంలోనే ఉంటుంది. మందు కొట్టే రైతుకి విత్తనం కాస్త బలహీనమైనా నడుస్తుంది, డబ్బా మీద ఆధారపడతాడు. మనం డబ్బా వదిలేశాం. కాబట్టి విత్తనంలో ఉన్న తట్టుకునే గుణం మనకే ఎక్కువ అవసరం. వీడియోలో చేలో చెట్లని దగ్గరగా చూపించాను. వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను, నింపాదిగా చదవండి.

మన ప్రాంతం ఈ పురుగుకి విస్తరాకు లాంటిది

కందిలో కాయ తొలిచే పురుగులు ముఖ్యంగా మూడు. శనగపచ్చ పురుగు, మారుకా మచ్చల పురుగు, కాయ ఈగ. వీటిలో ఎక్కువ నష్టం చేసేది శనగపచ్చ పురుగే. దీని తల్లి రెక్కల పురుగు మొగ్గల మీద, పూత మీద, లేత పిందెల మీద ఒక్కొక్క గుడ్డు విడివిడిగా పెడుతూ పోతుంది. ఒక్క తల్లి వందల గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ముందు పూతని గోకి తింటుంది. ఎదిగాక తల కాయలో పెట్టి, ఒళ్లు బయట ఉంచి గింజ తింటుంది. తర్వాత నేలలోకి దిగి కోశస్థ దశలోకి పోతుంది.

ఇది కందితో ఆగదు. పత్తి, మిరప, శనగ, టమాట, పొగాకు అన్నీ తింటుంది. మన పొదిలి చుట్టుపక్కల ఒక పైరు అయిపోగానే పక్క చేలో ఇంకో పైరు పూతకి వస్తుంది. పురుగుకి వడ్డించిన విస్తరి ఎత్తే పనే లేదు.

మందుల చరిత్ర కూడా మన ప్రాంతానికి తెలిసిందే. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో పైరిత్రాయిడ్ మందులకి ఈ శనగపచ్చ పురుగు లొంగకుండా పోయింది. అదే సమయంలో తెల్లదోమ విరుచుకుపడింది. అప్పులు తీర్చలేక పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు కొట్టేకొద్దీ పురుగు గట్టిపడుతుందని పుస్తకంలో చదవక్కర్లేదు, మన ఊళ్లల్లో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు.

చెట్టుకి ఉండే మూడు రకాల కాపుదల

1951లో అమెరికాలో పెయింటర్ అనే శాస్త్రవేత్త పైర్లు పురుగుని తట్టుకునే తీరు మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన మూడు తీరులే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. మన పైర్లతోనే చెప్పుకుందాం.

మొదటిది, పురుగుకి ఆ చెట్టు నచ్చకపోవడం. పత్తి ఆకు మీద నూగు దట్టంగా ఉంటే పచ్చదోమ గుడ్లు పెట్టడానికి, రసం పీల్చడానికి ఇబ్బంది పడుతుంది. అయితే అదే నూగు ఆకు తెల్లదోమకి ఇష్టం. ఒక పురుగుకి తాళం వేస్తే ఇంకోదానికి తలుపు తీసినట్టు అవుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది. 1980ల్లో తెల్లదోమ దెబ్బ తర్వాత గుంటూరు లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన కాంచన (ఎల్‌కె 861) పత్తి రకం తెల్లదోమని తట్టుకునే రకంగా పేరు తెచ్చుకుంది.

రెండోది, తిన్నా ఒంటబట్టకపోవడం. శనగ చేలో పొద్దున్నే మంచులో నడిస్తే కాళ్లు చురచురమంటాయి కదా. ఆకుల మీద ఉండే ఆ పులుపులో మాలిక్ ఆమ్లం, ఆక్జాలిక్ ఆమ్లం ఉంటాయి. మాలిక్ ఆమ్లం ఎక్కువున్న మొక్కల మీద తల్లి పురుగు గుడ్లు తక్కువ పెడుతుందని, ఆక్జాలిక్ ఆమ్లం పిల్ల పురుగు ఎదుగుదలని తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. ఐసిసి 506 అనే శనగ రకం ఈ విధంగానే పురుగుని తట్టుకునే మూల విత్తనంగా శాస్త్రవేత్తల చేతుల్లో చాలాకాలం నుంచి ఉంది.

మూడోది, దెబ్బ తిన్నా కోలుకోవడం. ఇది మన కందికి పుట్టుకతో వచ్చిన గుణం. మొదటి పూత పోయినా, నేలలో పదును, చెట్టులో సత్తువ ఉంటే మళ్లీ పూస్తుంది. ఘనజీవామృతం, ఆకుల ఆచ్ఛాదన వేసిన చేలో ఈ రెండో పూత బాగా నిలబడటానికి కారణం నేలలో తేమ నిలవడమే.

పటాన్‌చెరులో జరిగిన వెతుకులాట

1972లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలైంది. అక్కడి విత్తన నిధిలో 13 వేలకు పైగా కంది రకాలు ఉన్నాయి. చాలా దేశాల నుంచి, మన తెలుగు ఊళ్ల నుంచి కూడా సేకరించినవే. అక్కడి కీటక శాస్త్రవేత్తలు వేల రకాలని ఏళ్ల తరబడి, మందు కొట్టకుండా, పురుగుకి వదిలేసి చూశారు. పురుగు అసలు ముట్టని కంది ఒక్కటి కూడా దొరకలేదు. కానీ మిగతావాటికంటే తక్కువ నష్టపోయేవి కొన్ని దొరికాయి. అలాంటి విత్తనాల నుంచి వచ్చిందే ఐసిపిఎల్ 332, అభయ అనే పేరుతో 1989లో ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైంది. లాం నుంచి వచ్చిన ఎల్‌ఆర్‌జి 41 కూడా శనగపచ్చ పురుగుని కొంతవరకు తట్టుకుంటుంది. మన జిల్లాలో చాలామందికి బాగా తెలిసిన రకమే.

మరి ఇంత వెతికినా పూర్తిగా తట్టుకునే కంది ఎందుకు దొరకలేదు? జవాబు కంది కాయ మీదే ఉంది. ఒక చిన్న భూతద్దం పెట్టి లేత కాయని చూడండి. సన్నటి నూగు, మధ్య మధ్య బంక బొట్లు కనపడతాయి. మనం సాగుచేసే కంది కాయ మీద ఉండే ఈ రసం పురుగుని ఇంకా తినమని పిలుస్తుందని ప్రయోగాల్లో తేలింది. పైగా ఈ బంక నూగు మనకి మేలు చేసే ట్రైకోగ్రామా కందిరీగకి అడ్డం పడుతుంది. అది పురుగు గుడ్డు దాకా నడిచి పోలేదు. అందుకే మిగతా పైర్లలో పనిచేసినంతగా ట్రైకో కార్డులు కంది పూత మీద పనిచేయవు. కార్డులు కొని కందికి కట్టే సోదరులు ఈ విషయం ఒకసారి ఆలోచించండి.

ఇక అడవి జాతుల సంగతి. కజానస్ స్కారబియాయిడిస్ అని కందికి ఒక అడవి చుట్టం ఉంది. తీగలాగా పాకుతుంది, మన దేశంలో చాలాచోట్ల బీళ్లల్లో, కొండవాలుల్లో పెరుగుతుంది. దీని కాయ మీద బంక లేని పొట్టి నూగు చాలా దట్టంగా ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఆ నూగు దాటి కాయ తొక్కని చేరలేక అక్కడే నీరసించిపోతుంది. ఇది కందితో సంకరం అవుతుంది కూడా. కజానస్ ప్లాటికార్పస్ అనే ఇంకో అడవి జాతి గింజల్లో పురుగు కడుపులో అరుగుదలని అడ్డుకునే పదార్థాలు ఉన్నాయి. అది కందితో మామూలుగా కలవదు. సంకరం చేశాక పిండాన్ని బయటికి తీసి ప్రయోగశాలలో పెంచి, ఇక్రిశాట్ వాళ్లు ఆ అడ్డంకి దాటారు.

వినడానికి బాగానే ఉంది కానీ దీనికి ఓపిక కావాలి. అడవి జాతి నుంచి నూగు ఒక్కటే రాదు. చిన్న గింజ, కాయ పగిలి రాలిపోవడం, పాకే గుణం కూడా వెంట వస్తాయి. మళ్లీ మళ్లీ మంచి కందితో కలుపుతూ, అక్కర్లేనివి వదిలించుకుంటూ పోవాలి. ఇంకో గండం ఏంటంటే, పురుగుని తట్టుకునే కంది రకాల్లో చాలావాటికి ఎండు తెగులు త్వరగా సోకుతుంది. ఇందాక పత్తి నూగు గురించి చెప్పిన మాట ఇదే. ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది. అందుకే పురుగు ఒక్కటే చూసి విత్తనం ఎంచుకుంటే, ఎండు తెగులు ఉన్న చేలో చెట్టే మిగలదు.

ఒకే మూలం మీద ఆధారపడితే ఏమవుతుంది?

దీనికి మన తెలుగు నేల మీదే పాఠం ఉంది. వరిలో ఉల్లికోడు అందరికీ తెలుసు. ఈశ్వరకోర అనే పాత నాటు వరిలో దాన్ని తట్టుకునే గుణం ఉందని గుర్తించి, దాన్ని ఎంటియు 15తో కలిపి వరంగల్‌లో డబ్ల్యు 1263 తయారుచేశారు. ఆ జన్యువుని తర్వాత ఎన్నో చోట్ల వాడుకున్నారు. ఎవరో ఒక రైతు కుటుంబం తరతరాలుగా ఆ నాటు వరిని వదలకుండా వేసుకుంటూ రాబట్టే అది శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. వాళ్లు "దిగుబడి తక్కువ" అని వదిలేసి ఉంటే ఆ గుణం కూడా పోయేది.

అదే వరిలో రెండో పాఠం. సియాం 29 అనే వరి నుంచి తీసిన ఇంకో జన్యువుతో సురేఖ, ఫల్గుణ రకాలు వచ్చాయి, ఊరూరా పాకాయి. కొన్నేళ్లకి ఉత్తర కోస్తాలో ఫల్గుణని కూడా తినగల కొత్త రకం ఉల్లికోడు తయారైంది.

సోయాబీన్‌లోనూ ఇదే కథ. మన ఆదిలాబాద్, నిజామాబాద్ రైతులు వేసే పైరే అది. 2000లో ఆసియా నుంచి సోయా పేనుబంక అమెరికా చేలల్లోకి వెళ్లింది. వాళ్లు పాత విత్తన నిధులు వెతికి, డౌలింగ్ అనే పాత రకంలో దాన్ని తట్టుకునే జన్యువుని పట్టుకున్నారు. ఆ జన్యువుతో చేసిన విత్తనం రైతు చేతికి రాకముందే, దాన్ని తట్టుకోగల పేనుబంక అక్కడ కనిపించింది. సోయా వేళ్లని పట్టే నులిపురుగు విషయంలో అయితే, అక్కడి తట్టుకునే రకాల్లో నూటికి తొంభైకి పైగా పిఐ 88788 అనే ఒకే మూల విత్తనం నుంచి వచ్చాయి. దశాబ్దాల పాటు అదే వేస్తూ పోతే నులిపురుగు దానికి అలవాటుపడింది. జపాన్ నుంచి తెచ్చిన కొన్ని సోయా రకాలు ఆకు తినే పురుగుల్ని బాగా తట్టుకున్నాయి, కానీ ఆ గుణంతో పాటు తక్కువ దిగుబడి కూడా రావడంతో వాటి నుంచి రైతుల దాకా చేరినవి చాలా తక్కువ.

బీటీ పత్తి కూడా ఇదే దారిలో నడిచింది. 2002లో అనుమతి వచ్చింది. సేంద్రియ ధ్రువీకరణలో దానికి చోటు లేదు, ఆ సంగతి పక్కన పెట్టండి. ఊరంతా ఒకే విషపదార్థం ఉన్న పత్తి వేశాక గులాబీ రంగు పురుగు దానికి అలవాటుపడి మళ్లీ కాయల్లోకి వచ్చింది. జన్యువు ఎక్కడి నుంచి వచ్చినా సరే, ఒక్కదాని మీదే ఊరంతా కూర్చుంటే పురుగు దారి వెతుక్కుంటుంది. అందుకే చేలో రెండు మూడు కంది రకాలు, మధ్య మధ్య జొన్న, సజ్జ, ఆముదం ఉండాలని మన పద్ధతిలో చెప్పేది.

మన చేలోనే తట్టుకునే చెట్టుని పట్టుకోవడం

ఇక అసలు పని. మన గట్ల మీద, పెరళ్లల్లో ఇప్పటికీ పాత కంది చెట్లు ఉన్నాయి. ఎర్ర గింజ, తెల్ల గింజ, నల్ల గింజ. వాటితో పాటు మన చేలో కూడా చెట్టుకి చెట్టుకి తేడా ఉంటుంది, ఎందుకంటే కంది పూతని తేనెటీగలు కలుపుతాయి. ఆ తేడాలోంచి ఏరుకోవడమే మన పని. ఇలా చేయండి.

ఒకటి. ఒక పది సెంట్ల ముక్క ఏ కషాయమూ కొట్టకుండా వదిలేయండి. నీమాస్త్రం కూడా వద్దు. పురుగు లేని చోట తట్టుకునే చెట్టేదో, తట్టుకోనిదేదో తెలియదు. పిట్టల కోసం నాటిన పంగల కర్రలు ఆ ముక్కలో వద్దు. కర్ర కింద చెట్టు బాగుంటే ఆ గొప్ప పిట్టది.

రెండు. ప్రతి చెట్టుకి పూత వచ్చిన తేదీ రాసి చీటీ కట్టండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ముందు పూసిన చెట్టు పురుగు ఉధృతికి ముందే కాయ కట్టి తప్పించుకుంటుంది. అది తప్పించుకోవడం, తట్టుకోవడం కాదు. కాబట్టి ఒకే వారంలో పూసిన చెట్లని వాటిలో వాటితోనే పోల్చండి. గట్టు పక్క చెట్లు, ఒంటరి చెట్లు లెక్కలోకి తీసుకోవద్దు.

మూడు. కాయ ముదిరాక చెట్టుకి వంద కాయలు కోసి లెక్కపెట్టండి. గుండ్రటి పెద్ద రంధ్రం ఉంటే శనగపచ్చ పురుగు. పూత, కాయలు గూడు కట్టి లోపల రెట్ట ఉంటే మారుకా. బయటికి ఏమీ కనపడక, విప్పితే గింజ తొలిచి ఉంటే కాయ ఈగ. మూడింటినీ విడివిడిగా రాయండి. ఒక పురుగుని తట్టుకునే చెట్టు ఇంకోదాన్ని తట్టుకోవాలని లేదు.

నాలుగు. విత్తనం కోసం పూత రాకముందే ఒక్కో చెట్టుకి రెండు మూడు కొమ్మలకి పాత దోమతెర బట్టతో సంచి కట్టండి. కొమ్మని ముందు బాగా దులిపి, విచ్చిన పూలు, పిందెలు తీసేసి, గుడ్లు లేవని చూసి కట్టాలి. లోపల ఒక్క పురుగు మిగిలినా సంచిలో కూర్చుని అంతా తినేస్తుంది. కంది సొంత పుప్పొడితో కాయ కడుతుంది కాబట్టి సంచిలో కాయ వస్తుంది. నష్టం లెక్క బయట కొమ్మల మీద, విత్తనం సంచి కొమ్మల నుంచి.

ఐదు. అన్ని చెట్లకీ ముందే సంచులు కట్టలేం కాబట్టి మొదటి ఏడాది ఒక ఇరవై ముప్పై చెట్లకి కడితే చాలు. కాయ లెక్క అయ్యాక తక్కువ నష్టపోయిన ఐదారు చెట్ల విత్తనం విడివిడిగా దాచండి. ఒక్క చెట్టుకే దిగిపోవద్దు. ఒకే మూలం మీద కూర్చుంటే ఏమవుతుందో పైన చూశాం.

ఆరు. రెండో ఏడాది ఒక్కో చెట్టు విత్తనం ఒక్కో సాలు వేయండి. నాలుగైదు సాళ్లకి ఒక సాలు మీ మామూలు రకం, ఎల్‌ఆర్‌జి 41 లాంటిది వేయండి. అది మన తూకపు రాయి. తల్లి చెట్టు గుణం పిల్లల్లో కూడా కనపడితేనే అది విత్తనంలో ఉన్నట్టు. కనపడకపోతే పోయిన ఏడాది అదృష్టం అనుకోవాలి. వీలైతే అదే విత్తనం ఇంకో రైతు చేలో, ముఖ్యంగా ఎండు తెగులు వచ్చే చేలో కూడా వేయించండి.

ఇలా మూడు నాలుగేళ్లు చేస్తే మన నేలకి, మన వానకి తగిన విత్తనం చేతిలో ఉంటుంది. ఇక్రిశాట్ చేసిన పనికి ఇది చిన్న నమూనా. వాళ్ల దగ్గర వేల రకాలు ఉన్నాయి, మన దగ్గర మన చేను, మన కళ్లు ఉన్నాయి.

ఎంతవరకు ఆశించాలి?

కందిలో ఈ గుణం పాక్షికమే. తట్టుకునే రకం వేశాం కదా అని గట్టు మీద పడుకుంటే కుదరదు. కానీ దాని అసలు లాభం ఇక్కడుంది. తట్టుకునే చెట్టు మీద పిల్ల పురుగు నెమ్మదిగా ఎదుగుతుంది. ఎక్కువ రోజులు చిన్నదిగా ఉంటుంది. చిన్న పురుగు మీదే వేప పనిచేస్తుంది, ఎన్‌పివి వైరస్ ద్రావణం పనిచేస్తుంది, సాలీడు, అల్లిక రెక్కల పురుగు దాన్ని తినగలుగుతాయి. అంటే మనం కొట్టే కషాయానికి విత్తనం రోజులు కలిపి ఇస్తుంది. పెద్ద పురుగులు మిగిలితే కింద పట్టా పరిచి చెట్టు దులపడం, పంగల కర్రలు, లింగాకర్షక బుట్టలు ఉండనే ఉన్నాయి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు మందులు మానేసి పత్తి పండించింది ఇలా నాలుగైదు పనులు కలిపే.

విత్తనం మీద మనకున్న హక్కు కూడా తెలుసుకోండి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. ఊళ్లో తరాల నుంచి ఉన్న రకాన్ని రైతు రకంగా నమోదు చేయించుకోవచ్చు. దీనికి దర్శి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లని కలవండి. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం అక్కలు ఊరూరా విత్తన నిధులు పెట్టుకుని పాత కంది రకాలు కాపాడుతున్నారు. ఆ పని మన పశ్చిమ ప్రకాశంలో కూడా కావాలి.

ఈసారి కంది కోతకి ముందు ప్రతి ఒక్కరూ ఒక పని చేయండి. మీ ఊళ్లో గట్టు మీదో పెరట్లోనో ఉన్న పాత కంది చెట్టు ఎవరిదో కనుక్కుని, ఒక గుప్పెడు గింజలు అడిగి తీసుకోండి. బూడిద కలిపి, సీసాలో పోసి, ఊరి పేరు, గింజ రంగు, పూత నెల చీటీ మీద రాసి పెట్టండి. ఆ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆ కందికి పురుగు ఎలా పడుతుందో అడిగి అది కూడా రాయండి. పొదిలి చుట్టుపక్కల వాళ్లు ఆ సీసాలు తీసుకుని వస్తే, వచ్చే తొలకరికి నా చేలో ఒక్కో రకం ఒక్కో సాలు వేస్తాను. పూత నుంచి కాయ దాకా అన్నిటినీ పక్కపక్కన పెట్టి వీడియోలో చూపిస్తాను.